బ్రిటన్ రక్షణ బడ్జెట్‌లో కోతలు: కోసిన తర్వాత ఏం మిగిలింది?

కోస్తాగాలి (విశాఖపట్నం)

మొన్న ఆదివారం మా మేనల్లుణ్ణి తీసుకుని ఆర్కే బీచ్‌లో టీయూ-142 మ్యూజియంకి వెళ్ళాను. ఆ విమానం కింద నిలబడి తలెత్తి చూస్తే నాలుగు ఇంజిన్లు, ఒక్కోదానికి ఒకదాని వెనక ఒకటిగా రెండేసి ప్రొపెల్లర్లు. సముద్రంలో జలాంతర్గాముల్ని వెతకడానికి మన నేవీ దీన్ని 29 ఏళ్ళు నడిపింది. వాడు అడిగాడు, "మామయ్యా, దీన్ని ఆపేశాక మరి ఎవరు వెతుకుతున్నారు?" అని.

చెప్పాను. 2013లోనే అరక్కోణం స్థావరానికి పీ-8ఐ విమానాలు రావడం మొదలైంది. టీయూ-142లను ఆపింది 2017 మార్చిలో. నాలుగేళ్ళు పాతవీ కొత్తవీ పక్కపక్కనే ఎగిరాయి. పాతవాళ్ళు కొత్తవాళ్ళకి పని అప్పగించి దిగారు.

ఇంటికొచ్చాక బ్రిటన్ సంగతి గుర్తొచ్చింది. వాళ్ళు దీనికి పూర్తిగా తలకిందులుగా చేశారు. 2010 అక్టోబర్‌లో కామెరాన్ ప్రభుత్వం రక్షణ సమీక్ష ప్రకటించింది. నాలుగేళ్ళలో రక్షణ బడ్జెట్ సుమారు 8 శాతం కోత. అప్పటికే 300 కోట్ల పౌండ్లకు పైగా ఖర్చుపెట్టి కడుతున్న నిమ్రాడ్ ఎంఆర్‌ఏ4 గస్తీ విమానాల్ని మొత్తానికే రద్దు చేశారు. 2011 జనవరిలో వుడ్‌ఫోర్డ్ ఫ్యాక్టరీలో చుట్టూ తెరలు కట్టి, పొక్లెయిన్లతో ముక్కలు చేశారు. పాత నిమ్రాడ్లు ఆ ముందే ఆగిపోయాయి. అంటే చుట్టూ సముద్రమే ఉన్న దేశానికి, అణు జలాంతర్గాములున్న దేశానికి, సముద్ర గస్తీ విమానం ఒక్కటీ లేకుండా పోయింది. కొత్తది వచ్చింది 2020లో. పదేళ్ళు!

నౌకల మీది నుంచి ఎగిరే హారియర్ యుద్ధ విమానాలు కూడా 2010 డిసెంబర్‌లో ఆగిపోయాయి. 72 విమానాలు, వాటి విడిభాగాలు అమెరికా మెరైన్లకి సుమారు 11.6 కోట్ల పౌండ్లకి అమ్మేశారు. ఆర్క్ రాయల్ విమాన వాహక నౌక టర్కీలో పాత ఇనుముకి వెళ్ళింది.

బ్రిటన్‌లో ఉంటున్నవాళ్ళు, ఆ రంగంలో పనిచేసినవాళ్ళు ఇక్కడ ఉన్నారని తెలుసు. ఈ కోతల వల్ల అక్కడి పరిశ్రమకి, భద్రతకి నిజంగా ఏమైందో చెప్పండి.

గోదారోడు

అన్నా, చిన్న సందేహం. ఆ పదేళ్ళలో ఏ శత్రువూ రాలేదు కదా. అంటే డబ్బు మిగిలినట్టే కదా?

కోస్తాగాలి

వచ్చిందో లేదో చూడ్డానికి కూడా కళ్ళు లేవు తమ్ముడూ. 2014 చివర్లో స్కాట్లాండ్ పశ్చిమ తీరంలో పెరిస్కోప్ లాంటిది కనబడింది. వాళ్ళ అణు జలాంతర్గాముల స్థావరం ఫాస్లేన్ ఉన్నది ఆ వైపే. వెతకడానికి సొంత విమానం లేక అమెరికా, కెనడా, ఫ్రాన్స్ విమానాల సాయం తీసుకున్నారు. మన ఇంటి పెరట్లో ఏదో కదిలిందని పక్కింటివాళ్ళ టార్చిలైటు అడిగినట్టు.

లెక్కలపుస్తకం (లండన్)

నేను అకౌంట్స్ మనిషిని, ఆ కోణంలో చెబుతాను. 2010లో ఆ ప్రభుత్వం ముందున్న పరిస్థితి కూడా చూడాలి. బ్యాంకులు కూలి రెండేళ్ళయింది. బడ్జెట్ లోటు జీడీపీలో దాదాపు 10 శాతం. రక్షణ శాఖ ఆర్డర్లిచ్చేసినవాటికీ చేతిలో ఉన్న డబ్బుకీ మధ్య 3,800 కోట్ల పౌండ్ల తేడా ఉందని అప్పటి మంత్రి లియామ్ ఫాక్స్ పార్లమెంటులోనే చెప్పారు. ఆ అంకెపై వాదనలున్నాయి, గొయ్యి ఉన్న మాట మాత్రం నిజం.

నిమ్రాడ్ గురించి అందరూ కన్నీళ్ళు పెడతారు. మొదట 21 విమానాలు అన్నారు, 9కి దించారు, ఏళ్ళ తరబడి ఆలస్యం. అలాంటిదాన్ని ఇంకా మేపాలా? ఆసుపత్రిలో ఆపరేషన్ కోసం నెలల తరబడి వెయిట్ చేస్తున్న మనిషికి ఈ ప్రశ్న వేసి చూడండి.

రివెట్ (హైదరాబాద్, ఒకప్పుడు లాంకషైర్)

లెక్కలపుస్తకం గారూ, మీరన్న 21 నుంచి 9, ఏళ్ళ ఆలస్యం, ఇవి ఎందుకొచ్చాయో ఆ రంగంలో పనిచేసినవాడిగా చెబుతాను.

నిమ్రాడ్ అసలు పుట్టింది 1960లలో, కామెట్ అనే ప్రయాణికుల విమానం నుంచి. కొత్త విమానాలు చేసేటప్పుడు ఖర్చు తగ్గుతుందని పాత విమానాల బాడీలే ఉంచి, కొత్త రెక్కలు బిగిద్దామనుకున్నారు. రెక్కలు కంప్యూటర్ డిజైన్‌తో మిల్లీమీటర్ తేడా లేకుండా వచ్చాయి. బాడీలేమో ముప్పై ఏళ్ళ పైచిలుకు కిందట చేత్తో కట్టినవి. ఏ రెండూ ఒకే కొలతలో లేవు. రెక్క తెచ్చి పెడితే కూర్చోదు. కట్టినప్పుడు ఏ బాడీకి ఎక్కడ ఎంత సర్దారో తెలిసిన మేస్త్రీలు అప్పటికే రిటైరై వెళ్ళిపోయారు. అదా చవక పద్ధతి?

నేను పనిచేసింది చిన్న సబ్‌కాంట్రాక్టు కంపెనీలో. పేరు అనవసరం. పెద్ద కంపెనీలకి బ్రాకెట్లు, ప్యానెళ్ళు డిజైన్ చేసి ఇచ్చేవాళ్ళం. మా ఫోర్‌మన్ ఒకాయన, అరవై దాటిన మనిషి, రెండు రేకుల అతుకు మీద బొటనవేలు పెట్టి ఇలా రాసి "ఇంకో షిమ్ వెయ్యాలి" అనేవాడు, అంటే సందు పూడ్చే పలచని రేకు. గేజ్ పెట్టి చూస్తే అంతే తేలేది. 2011 సెప్టెంబర్‌లో అక్కడి పెద్ద ఆయుధ కంపెనీ బీఏఈ దాదాపు 3,000 ఉద్యోగాల కోత ప్రకటించింది. బ్రో, వార్టన్, సామ్స్‌బరీ, మూడు చోట్లా. మాలాంటి చిన్న షాపులకి ఆర్డర్లు ఆగిపోయాయి. డిసెంబర్‌లో నన్నూ ఆయన్నీ ఒకే శుక్రవారం ఇంటికి పంపారు. నా వీసా టెన్షన్ నాది. కానీ వెళ్తూ వెళ్తూ చూసిన దృశ్యం మర్చిపోలేను. ఆయన చేతిరాతతో ఉన్న నోటుపుస్తకాలు, ఏ పార్టుకి ఏ తేడా వస్తుందో రాసుకున్నవి, పన్నెండో పదమూడో ఉంటాయి, చెత్త తీసుకెళ్ళే పెద్ద ఇనుప డబ్బాలో వేసేశారు. వాన పడుతోంది. నేను రెండు తీసి సంచిలో పెట్టుకున్నాను. ఇప్పటికీ నా దగ్గరే ఉన్నాయి.

ఆ శుక్రవారం మిగిలిన జీతాలు ఏదో లెక్కలో "ఆదా" కింద చేరే ఉంటాయి. ఆ నోటుపుస్తకాలు ఏ లెక్కలోనూ లేవు.

కోస్తాగాలి

రివెట్ గారూ, ఆ పుస్తకాలు జాగ్రత్త.

దీనికి సంబంధించి ఇంకో విషయం. నిమ్రాడ్లు పోయాక రాయల్ ఎయిర్‌ఫోర్స్ ఒక తెలివైన పని చేసింది. "సీడ్‌కార్న్" అని పథకం పెట్టి, జలాంతర్గాముల వేట తెలిసిన సిబ్బందిలో కొందరిని అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ పంపించింది. వాళ్ళ విమానాల్లో పనిచేస్తూ విద్య మర్చిపోకుండా ఉండాలని. 2015లో తొమ్మిది పీ-8లు కొనాలని నిర్ణయించినప్పుడు ఆ మనుషులే ఆధారమయ్యారు.

గోదారోడు

సీడ్‌కార్న్ అంటే విత్తనాల గింజలేనా? మా తాతగారు 1986 వరదల కథ చెప్పేవారు. ఇంట్లో తిండిగింజలు అయిపోయినా అటక మీద విత్తనాల వడ్ల మూటని ముట్టుకోనివ్వలేదట మా జేజమ్మ. అప్పు చేసి నూకలు కొన్నారట. ఇప్పుడర్థమైంది మీరేమంటున్నారో.

ఫర్నెస్_డాక్టర్ (బ్యారో, ఇంగ్లండ్)

బ్యారోలో 2009 నుంచి ఉంటున్నాను. ఈ ఊరు గురించి రాయకపోతే ఈ చర్చ సగమే.

ఇంగ్లండ్ వాయవ్యంలో, సముద్రంలోకి పొడుచుకొచ్చిన ఒక మూల మా ఊరు. బ్రిటన్ అణు జలాంతర్గాములన్నీ కట్టేది ఇక్కడే. ఎక్కడ నిలబడినా ఒక పెద్ద షెడ్డు కనిపిస్తుంది, డెవన్‌షైర్ డాక్ హాల్, 51 మీటర్ల ఎత్తు. దాని ముందు వరుస ఇళ్ళు అగ్గిపెట్టెల్లా ఉంటాయి. మా వంటింటి కిటికీలోంచి పప్పు తాలింపు వేస్తూ చూస్తే ఆకాశం సగం, ఆ షెడ్డు సగం.

కోతల అసలు పాఠం ఇక్కడ 2010కి ముందే జరిగింది. 1990ల మొదట్లో అణు క్షిపణులు మోసే వాన్‌గార్డ్ తరగతి జలాంతర్గాములు కడుతున్నప్పుడు యార్డులో 13,000 మంది దాకా పనిచేసేవారు. ప్రచ్ఛన్న యుద్ధం అయిపోయింది, శాంతి వచ్చింది, ఆ డబ్బు వేరేదానికి వాడదామన్నారు. తప్పనను. కానీ ఆ నాలుగు పూర్తవుతుండగా తర్వాతి ఆర్డర్ రాలేదు. మనుషులు సుమారు 3,000కి పడిపోయారు. అస్ట్యూట్ తరగతికి 1997లో ఆర్డర్ వచ్చేసరికి డిజైన్ చేసేవాళ్ళు చెదిరిపోయారు. కొత్త కంప్యూటర్ డిజైన్ పద్ధతి పెట్టారు, దాన్ని జలాంతర్గామికి వాడటం తెలిసినవాళ్ళు లేరు. చివరికి అమెరికా నుంచి ఎలక్ట్రిక్ బోట్ కంపెనీ ఇంజినీర్లు వచ్చి గాడిలో పెట్టాల్సి వచ్చింది. మొదటి అస్ట్యూట్ నేవీలో చేరింది 2010లో.

మా పక్కింటాయన ఆ వాన్‌గార్డ్ రోజుల వెల్డరు. జలాంతర్గామి ప్రెజర్ హల్ (నీటి ఒత్తిడిని తట్టుకునే ఉక్కు గుల్ల) వెల్డింగ్ మామూలు గేటు వెల్డింగ్ లాంటిది కాదు. ఉక్కుని ముందు వేడి చేసి, ఆ వేడి పడిపోకుండా చూస్తూ పొర మీద పొర వెయ్యాలి, ప్రతి అతుకునీ ఎక్స్‌రే తీస్తారు. ఒక్క బుడగ కనిపించినా గ్రైండ్ చేసి మళ్ళీ మొదలు. ఆయన 1994లో బయటికొచ్చి పదిహేనేళ్ళు సూపర్‌మార్కెట్‌లో పనిచేశారు. "మాలో సగం మంది నార్వే వైపు చమురు రిగ్గుల మీదికి వెళ్ళిపోయారు, మిగతావాళ్ళం అల్మారాలు సర్దాం" అని ఒక సాయంత్రం గోడ దగ్గర నిలబడి చెప్పారు.

లెక్కలపుస్తకం గారూ, ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్‌లో పనిచేసేవాణ్ణి, వెయిటింగ్ లిస్టు బాధ నాకు రోజూ కనిపిస్తుంది. డబ్బు అక్కడికి రావాలని నేనూ కోరుకుంటాను. కానీ ఈ ఊళ్ళో డబ్బు మిగల్లేదండీ. వాయిదా పడింది, పెరిగి తిరిగొచ్చింది.

లెక్కలపుస్తకం

డాక్టర్ గారూ, మీ మాటకి విలువిస్తాను. కానీ పరిశ్రమ కష్టాలన్నిటికీ కోతలే కారణమంటే ఒప్పుకోను. ఏజాక్స్ సాయుధ వాహనాలు చూడండి. 589 వాహనాలు, సుమారు 550 కోట్ల పౌండ్ల కాంట్రాక్టు 2014లో. అక్కడ డబ్బుకి లోటు లేదు. శబ్దం, అదురుడు వల్ల లోపల కూర్చున్న సైనికుల చెవులు దెబ్బతిని పరీక్షలు ఆపారు. 2025 నవంబర్‌లో మళ్ళీ సైనికులు అస్వస్థులై ఆపారు. డబ్బు పోస్తే పని అయిపోతుందనుకోవడం కూడా తప్పే.

రివెట్

అది నిజం. ఒప్పుకుంటాను. కానీ బ్రిటన్‌లో సాయుధ వాహనాలు మొదటి నుంచి డిజైన్ చేసి పెద్ద సంఖ్యలో కట్టి అప్పటికి ఎన్నేళ్ళయింది? చాలెంజర్ 2 ట్యాంకులు కట్టిన లీడ్స్ ఫ్యాక్టరీ 1999లో మూతపడింది. న్యూకాజిల్ స్కాట్స్‌వుడ్ రోడ్డు ఫ్యాక్టరీ మూసేస్తామని 2012లో ప్రకటించారు. ఆయుధాల తయారీలో వందేళ్ళకు పైగా చరిత్ర ఉన్న చోటు. పని చేయించుకునే శాఖకి కూడా ఆ విద్య ఉండాలి. అడిగేవాడికి తెలియకపోతే కట్టేవాడు ఏదిస్తే అదే తీసుకోవాలి. రక్షణ శాఖలో సివిల్ ఉద్యోగాలు కూడా 25,000 తగ్గించాలన్నది 2010 నిర్ణయమే కదా.

కరీంనగర్_ఫౌజీ

నమస్తే అందరికీ. ఆర్టిలరీలో 22 ఏళ్ళు చేసి హవల్దార్‌గా రిటైర్ అయినోణ్ణి. తోపుల (ఫిరంగుల) గురించి అయితే నేను చెప్పగలను.

బ్రిటన్ దగ్గర ఏఎస్90 అని 155 మిల్లీమీటర్ల తోపులుండె, ట్రాకుల మీద నడిచేవి. డాక్టర్ సాబ్ ఊళ్ళోనే, బ్యారోలోనే చేసినవి. 2023లో ఉక్రెయిన్‌కి ఇస్తామన్నారు, చివరికి ఉన్నవన్నీ దాదాపు అటే పోయినై. 14 చాలెంజర్ ట్యాంకులు కూడా ఇచ్చిండ్రు. మంచి పనే, కష్టంలో ఉన్నోళ్ళకి ఇవ్వాలె. కానీ తమకు మిగిలిందేంది? స్వీడన్ నుంచి 14 ఆర్చర్ తోపులు అర్జెంటుగా తెచ్చుకున్నరు. సొంతంగా చేసుకుందామంటే తోపు గొట్టాలు చేసే నాటింగ్‌హామ్ ఫ్యాక్టరీ 2001లోనే మూతపడింది.

తోపు గొట్టం అంటే పైపు కాదు సార్. వందలు, వేల రౌండ్లు కొట్టినంక లోపల గాడులు అరిగిపోతయి, గురి తప్పుతది, మార్చాల్సిందే. యుద్ధంలో గొట్టాలు అన్నం లెక్క ఖర్చవుతయి. గుండ్లు అంతే. శాంతికాలంలో ప్రాక్టీసుకి సరిపోయేన్ని చేసే ఫ్యాక్టరీ, యుద్ధం రాగానే పదింతలు చెయ్యదు. 2023లో బీఏఈకి 28 కోట్ల పౌండ్ల గుండ్ల ఆర్డర్ ఇచ్చి ఉత్పత్తి ఎనిమిదింతలు పెంచుతామన్నరు. అది కూడా ఏండ్లు పట్టే పని.

2024లో బ్రిటన్, జర్మనీ ప్రభుత్వాల మధ్య ఒప్పందం అయింది, దాని కింద జర్మనీ కంపెనీ రైన్‌మెటాల్ వచ్చి బ్రిటన్‌లో తోపు గొట్టాల ఫ్యాక్టరీ పెడతమన్నది. షెఫీల్డ్ ఫోర్జ్‌మాస్టర్స్ ఉక్కుతో. ఆ ఫోర్జ్‌మాస్టర్స్‌ని కూడా 2021లో రక్షణ శాఖే కొనాల్సి వచ్చింది, అది మునిగిపోతే జలాంతర్గాములకి పెద్ద ఉక్కు భాగాలు పోతపోసేటోళ్ళు దేశంలో లేరు గనక.

గోదారోడు

ఫౌజీ గారూ, దండాలు. ఇంకో ప్రశ్న. బ్రిటన్ ఇంతకుముందు ఇలా దెబ్బతినలేదా? నేర్చుకోలేదా?

కోస్తాగాలి

తిన్నది. దానికి మనకీ చుట్టరికం ఉంది.

1981లో రక్షణ మంత్రి జాన్ నాట్ నేవీకి పెద్ద కోత పెట్టారు. ఇన్విన్సిబుల్ విమాన వాహక నౌకని ఆస్ట్రేలియాకి అమ్మడానికి ఒప్పందం కుదిరింది. దక్షిణ అట్లాంటిక్‌లో గస్తీ తిరిగే ఎండ్యూరెన్స్ నౌకని వెనక్కి రప్పిస్తామన్నారు. 1982 ఏప్రిల్ 2న అర్జెంటీనా అక్కడే బ్రిటన్ పాలనలో ఉన్న ఫాక్‌లండ్స్ దీవుల్లో దిగింది. పోర్ట్స్‌మత్ డాక్‌యార్డ్‌లో కార్మికులు ఉద్యోగాలు పోతున్నాయన్న నోటీసులు చేతిలో పట్టుకునే రాత్రింబవళ్ళు నౌకల్ని యుద్ధానికి సిద్ధం చేశారు. ఆ యుద్ధంలో నౌకాదళానికి ఫ్లాగ్‌షిప్ హెర్మెస్. దాన్నే మనం 1986లో కొని ఐఎన్ఎస్ విరాట్ అన్నాం. 2017 దాకా మన దగ్గర ఉంది. విశాఖ తెచ్చి మ్యూజియం చేద్దామని ఎంతో ఆశపడ్డాం, చివరికి అలంగ్‌లో ముక్కలైపోయింది. ఆ రోజు నాకు నిజంగా అన్నం సహించలేదు.

2011లో కూడా అదే కథ. లిబియాలో గొడవలు మొదలైనప్పుడు బెంఘాజీ నుంచి బ్రిటిష్ పౌరుల్ని ఎక్కించుకొచ్చిన నౌక కంబర్‌లాండ్. అప్పటికే కోతల్లో దాని పేరుంది. ఇంటికెళ్ళి విశ్రాంతి తీసుకోవాల్సిన దారిలో దాన్ని మళ్ళించారు. ఆ జూన్‌లో నేవీ నుంచి తీసేశారు.

లెక్కలపుస్తకం

నేను కోతల పక్షాన మాట్లాడుతున్నాను కాబట్టి, నా లెక్కల్లో నాకే మింగుడుపడనివి కూడా పెడతాను.

ఒకటి, విమాన వాహక నౌకలు. 2008 డిసెంబర్‌లో ఆ ఏడాది ఖర్చు సర్దుబాటు కోసం పని నెమ్మదింపజేశారు. నేషనల్ ఆడిట్ ఆఫీస్ లెక్క ప్రకారం ఆ వాయిదా వల్ల మొత్తం ఖర్చు 150 కోట్ల పౌండ్లకు పైగా పెరిగింది. సుమారు 390 కోట్ల అంచనా చివరికి 600 కోట్లు దాటింది.

ఇంకోటి, గస్తీ నౌకలు. యార్డుల్ని ఖాళీగా ఉంచినా బీఏఈకి ప్రభుత్వం డబ్బు చెల్లించాలన్నది పాత ఒప్పందం. అందుకని టైప్ 26 అనే కొత్త యుద్ధనౌకల పని మొదలయ్యేదాకా చేతులు ఆడుతూ ఉండాలని 2014లో 34.8 కోట్ల పౌండ్లకి మూడు గస్తీ నౌకలు ఆర్డర్ చేశారు. పని లేనందుకు కట్టాల్సిన డబ్బుకి నౌకలైనా వస్తాయని. ఇది తెలివైన నిర్ణయమే. కానీ అదే సమయంలో పోర్ట్స్‌మత్‌లో నౌకా నిర్మాణం మూసేస్తామన్నారు. అయిదు వందల ఏళ్ళుగా నౌకలు కట్టిన ఊరు.

టైప్ 45 విధ్వంసక నౌకలు పన్నెండు అనుకుని ఆరు కట్టారు. డిజైన్ ఖర్చంతా ఆరింటి మీదే పడి ఒక్కోటి దాదాపు వంద కోట్ల పౌండ్లు. సంఖ్య తగ్గిస్తే ధర పెరుగుతుంది, ధర పెరిగిందని సంఖ్య తగ్గిస్తారు. ఇది లెక్కలు తెలిసిన ఎవరికైనా బాధ కలిగించే విషయం.

అయినా నా ప్రశ్న అలాగే ఉంది. 2025 ఫిబ్రవరిలో ప్రధాని స్టార్మర్ 2027కల్లా రక్షణకి జీడీపీలో 2.5 శాతం అన్నారు. ఆ డబ్బు ఎక్కడిది? పేద దేశాలకిచ్చే సాయాన్ని 0.5 నుంచి 0.3 శాతానికి కోశారు. ఇప్పుడు నాటో 2035కి 3.5 శాతం అంటోంది, దాని పైన మౌలిక సదుపాయాలకి మరో 1.5. ఎవరి పళ్ళెంలోంచి తీస్తారో చెప్పకుండా చప్పట్లు కొట్టడం నాకు చేతకాదు.

రివెట్

పెంచుతామంటూనే కోస్తున్నారు కూడా. 2024 నవంబర్‌లో ఆల్బియన్, బుల్‌వార్క్ నౌకల్ని ముందే విరమింపజేశారు. వాచ్‌కీపర్ డ్రోన్లు, పాత చినూక్, ప్యూమా హెలికాప్టర్లు కూడా. బుల్‌వార్క్‌ని బ్రెజిల్‌కి ఇవ్వడానికి 2025లో ఒప్పందం కుదిరింది. కొన్ని నిజంగానే పాతవి, మొండికి పోను.

ఇప్పుడు పరిశ్రమని నిలబెడుతున్నది సొంత ఆర్డర్ల కంటే ఎక్కువగా బయటి ఆర్డర్లు. నార్వే 2025 ఆగస్టులో టైప్ 26 ఫ్రిగేట్లు ఎంచుకుంది, సుమారు 1,000 కోట్ల పౌండ్లు, గ్లాస్గో యార్డులకి ఊపిరి. వార్టన్‌లో టైఫూన్ యుద్ధ విమానాల లైన్‌కి పని లేకుండా పోతున్న వేళ అక్టోబర్‌లో టర్కీ 20 విమానాలు తీసుకుంది. 2012లో మనం టైఫూన్‌ని కాదని ఫ్రాన్స్ రఫేల్‌ని ఎంచుకున్న రోజు మా వాళ్ళ మొహాలు ఎలా ఉన్నాయో నాకు ఫోన్లో వినిపించింది. అదే 2025 అక్టోబర్‌లో మన సైన్యానికి తేలికపాటి క్షిపణుల కోసం 35 కోట్ల పౌండ్ల ఒప్పందం కుదిరింది, అవి చేసేది బెల్‌ఫాస్ట్ థేల్స్ ఫ్యాక్టరీ. ఉక్రెయిన్‌కి ఇచ్చిన, ట్యాంకుల్ని కొట్టే ఎన్‌లా క్షిపణులు బిగించింది కూడా అక్కడే. ఆ లైన్ బతికి ఉండబట్టే 2022లో వేలల్లో ఇవ్వగలిగారు. మూసేసి ఉంటే?

ఫర్నెస్_డాక్టర్

నిన్న డ్యూటీ అయ్యాక మళ్ళీ చదివాను. ఒక్కటి కలుపుతాను, అదే నాకు ఎక్కువ భయం.

వాన్‌గార్డ్ జలాంతర్గాముల స్థానంలో డ్రెడ్‌నాట్‌లు రావాలి. 2010 సమీక్షలోనే ఖర్చు తగ్గించడానికి మొదటిదాన్ని 2028కి జరిపారు. 2015లో 2030ల మొదటికి జరిగింది. ఇంతలో పాతవాటిలో మొదటిదాని వయసు ముప్పై దాటింది. హెచ్ఎంఎస్ వాన్‌గార్డ్ మరమ్మతుకే ఏడేళ్ళకు పైగా పట్టింది. దాంతో మిగతావాటి గస్తీ సాగుతూ పోయింది. ఒకప్పుడు మూడు నెలలకు తిరిగొచ్చే సిబ్బంది ఇప్పుడు ఆరు నెలలు దాటి నీళ్ళలోనే. నూట ముప్పై మంది పైచిలుకు. ఎండ లేదు, ఇంటికి ఫోన్ లేదు. పదిహేనేళ్ళ కిందట కాగితం మీద జరిపిన తేదీని ఇవాళ ఆ పిల్లలు మోస్తున్నారు.

బ్యారో ఇప్పుడు మళ్ళీ కళకళలాడుతోంది. యార్డులో మళ్ళీ పదివేలు దాటారు. 2025 సమీక్షలో, అమెరికా, ఆస్ట్రేలియాలతో ఉన్న ఆకస్ ఒప్పందం కింద పన్నెండు దాకా కొత్త దాడి జలాంతర్గాములన్నారు. ఇళ్ళ అద్దెలు పెరిగాయి, సాయంత్రం షిఫ్టు వదిలితే అప్రెంటిస్ పిల్లలతో రోడ్డు నిండిపోతుంది.

మా పక్కింటాయన్ని రెండుసార్లు పిలిచారట, పిల్లలకి హల్ వెల్డింగ్ నేర్పడానికి రమ్మని. మొదటిసారి వెళ్ళారు. లోపల వంగి, మోకాళ్ళ మీద పాక్కుంటూ చూపించాలి కదా. మూడు వారాలు చేశారు. రెండోసారి మోకాళ్ళు సహకరించలేదు, రాలేనని చెప్పేశారు.

గోదారోడు

డాక్టర్ గారూ, ఆ మూడు వారాల్లో ఎంతమందికి నేర్పారట?

ఫర్నెస్_డాక్టర్

అడిగాను. ఆరుగురికి. అందులో ఒక అమ్మాయి చెయ్యి బాగా స్థిరంగా ఉంటుందని, ఆమె మాత్రం అందుకుంటుందని అన్నారు.